ఉద్దెర ఖాతాలో సమ్మె

మా మేనత్తకు ఆర్టీసీ డిపో గేటుకు ఎదురుగా కిరాణా కొట్టు ఉండేది. 2019 అక్టోబరులో ఆ కొట్టులో రెండు ఖాతా పుస్తకాలు నడిచాయి. పాతదాంట్లో మామూలు ఉద్దెర: కండక్టర్ పేరు, ఇరవై అయిదు కిలోల బియ్యం, మంచినూనె రెండు ప్యాకెట్లు, జీతం రాగానే అడ్డంగా ఒక గీత. కొత్తది సమ్మె కోసం తెరిచింది. దాంట్లో తారీఖులున్నాయి, సరుకులున్నాయి, అడ్డగీతలు మాత్రం లేవు. వారాలు గడిచేకొద్దీ సరుకులూ మారాయి. మొదటి వారం పండుగ సామాను, శెనగపిండి, బెల్లం, నూనె. మూడో వారానికి బెల్లం పోయింది. అయిదో వారానికి చాపత్తి, చక్కెర, పావుకిలో పప్పు.

"అక్కా, జీతం పడ్డంక ఇస్తా" అని వాళ్లనేవాళ్లు. అత్త నమ్మింది. "యాడికి పోతరు, డిపో ఈడనే ఉంటది గద" అని మామయ్య మీద కసురుకునేది.

సమ్మె అనగానే మనకు జెండాలు, నినాదాలు, పోలీసు వ్యాన్లు గుర్తొస్తాయి. లోపల నడిచేది ఓర్పు పందెం. బస్సు కదలకపోతే, మిషన్ ఆగిపోతే యాజమాన్యానికి రోజుకింత నష్టం. జీతం ఆగితే కార్మికుడి ఇంట్లో రోజుకింత అప్పు. ఎవరి చెయ్యి ముందు ఖాళీ అయితే వాళ్లు ముందు దిగొస్తారు. సమ్మె నోటీసు, కోర్టు వాయిదా, ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం), సంఘీభావ సభ, రోడ్డు మీద వంటావార్పు, పక్కింటివాళ్లు తెచ్చిచ్చిన బియ్యం, వీటిలో దేన్ని చూసినా నేను ఒక్కటే అడుగుతాను: ఇది ఎవరికి ఎన్ని రోజులు కలుపుతోంది, ఎవరి దగ్గర ఎన్ని రోజులు కోస్తోంది? కార్మిక సంఘాలు మళ్లీ లేస్తున్నాయని ఈ మధ్య తరచూ వింటున్నాం. ఆ మాటలో నిజమెంతో తేల్చడానికీ ఈ లెక్కే పనికొస్తుంది.

తెలంగాణ ఆర్టీసీ సమ్మెనే చూద్దాం. 2019 అక్టోబరు 5న మొదలైంది. సుమారు 48 వేల మంది కార్మికులు, 26 డిమాండ్లు. వాటిలో పెద్దది, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది. దసరాకు మూడు రోజుల ముందు చక్రాలు ఆగాయి. తేదీ ఊరికే ఎంచుకున్నది కాదు. ఆర్టీసీ గల్లా నిండే రోజులవి, ఆ రోజుల్లో ఆపితేనే నొప్పి తెలుస్తుంది. కాకపోతే ఆ కత్తికి రెండువైపులా పదును. పిల్లాపాపలతో బస్టాండులో పడిగాపులు పడి, చివరికి ప్రైవేటు బండివాడు అడిగినంతా ఇచ్చుకున్న మనిషికి మొదట కోపమొచ్చేది కళ్లెదుట కనబడే డ్రైవర్ మీదే. ప్రభుత్వం ఆ కోపాన్ని నమ్ముకుంది. తాత్కాలిక డ్రైవర్లను, కండక్టర్లను పెట్టి కొన్ని బస్సులు తిప్పింది. గడువులోగా డ్యూటీలో చేరనివాళ్లంతా తమను తామే ఉద్యోగంలోంచి తీసేసుకున్నట్టని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ప్రకటించారు. "సెల్ఫ్ డిస్మిస్" అనే మాట తెలుగు ఇళ్లలోకి అప్పుడే వచ్చింది.

సమ్మెకు ముందు నెల, అంటే పని చేసిన సెప్టెంబరు నెల జీతం కూడా పడలేదు. కాబట్టి కార్మికుల లెక్క సున్నాతో మొదలు కాలేదు, మైనస్‌తో మొదలైంది. ఇంకో సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. ఆర్టీసీ ఉద్యోగులకు సొంత పరపతి సహకార సంఘం ఉంది, సీసీఎస్ అంటారు. పిల్ల పెళ్లికో, ఇంటి స్లాబుకో, ఆస్పత్రికో అక్కడే లోన్ తీసుకుంటారు. జీతంలోంచి ప్రతి నెలా దాని కోసం కోత ఉంటుంది. ఆ డబ్బును సంస్థ వాడుకుని సంఘానికి కట్టకపోవడంతో వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆపదలో ఆదుకోవాల్సిన పొదుపు ఎవరితో తగాదా పడ్డారో వాళ్ల చేతిలోనే చిక్కుకుందన్నమాట. ఇక మిగిలింది మా అత్త కొట్టు, అలాంటి వెయ్యి కొట్లు.

అయినా 52 రోజులు నిలబడ్డారు. అక్టోబరు 19న రాష్ట్ర బంద్ జరిగింది. నవంబరు 5 అర్ధరాత్రి దాకా ముఖ్యమంత్రి ఇచ్చిన రెండో గడువులోనూ చేరినవాళ్లు కొద్దిమందే. నవంబరు 9న ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లడానికి జనం పోలీసు కంచెలు దాటారు. మా ఊళ్లో టీచర్లు తలా కొంత వేసుకుని బియ్యం బస్తాలు డిపో గేటు దగ్గర దింపారు. ఎవరి పేరూ రాయలేదు, ఎవరూ ఫొటో దిగలేదు. ఇంకోవైపు, ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయారు. తర్వాత మరికొందరూ ప్రాణాలు తీసుకున్నారు. ఓర్పు పందెం అని ఇందాక నేను తేలిగ్గా రాసేసిన మాట ఎక్కడిదాకా పోతుందో అది.

నవంబరు 25న కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించింది. మర్నాడు తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తే డిపోల్లోకి రానివ్వలేదు. గేటు బయట పోలీసులు. సమ్మె చేస్తామన్నప్పుడు పనిలోకి రమ్మన్నవాళ్లు, పనికొస్తామన్నప్పుడు వద్దన్నారు. 28న మంత్రివర్గం కూర్చున్నాకే, 29న చేరారు. టికెట్ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. డిసెంబరు 1న డిపోకు అయిదుగురి చొప్పున తన అధికార నివాసం ప్రగతి భవన్‌కు భోజనానికి పిలిచి, సమ్మె కాలానికి జీతం ఇస్తామని, రిటైర్మెంట్ వయసు 60కి పెంచుతామని ముఖ్యమంత్రి చెప్పారు. రెండేళ్లపాటు సంఘాలు మాత్రం వద్దన్నారు. ఆ విందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఈ చివరి షరతే. డబ్బు విషయంలో సర్కారు దిగింది, సంఘం విషయంలో దిగలేదు. దేనికి భయపడిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతకీ ఆ సమ్మె గెలిచిందా, ఓడిందా? ఏ తేదీన అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నవంబరు 26 ఉదయం అడిగితే చిత్తుగా ఓడింది. 2020 జనవరి 1న పక్క రాష్ట్రంలో ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. 2023 ఆగస్టులో, ఎన్నికలకు నాలుగు నెలల ముందు, తెలంగాణ శాసనసభ కూడా విలీనం బిల్లును ఆమోదించింది. అసాధ్యమన్న డిమాండుకే, ఆ మాటన్న ప్రభుత్వమే బిల్లు తెచ్చింది.

ఇప్పుడు మళ్లీ డబ్బు దగ్గరికి వద్దాం. మన దేశంలో సమ్మె చేసేవాడిని సంఘం ఎందుకు పోషించలేదు? 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘం నిధిలోంచి ఏయే ఖర్చులు పెట్టొచ్చో జాబితా ఇచ్చింది. కార్మిక వివాదం వల్ల సభ్యుడికి కలిగే నష్టానికి పరిహారం కూడా అందులో ఉండేది. అంటే సమ్మె భత్యం ఇవ్వడానికి చట్టం అడ్డు కాలేదు. ఉండాల్సింది నిధి. సభ్యత్వ చందా కనీసం ఇంత ఉండాలని అదే చట్టం 2001 సవరణతో చెప్పింది: మామూలు కార్మికుడికి ఏడాదికి 12 రూపాయలు. గ్రామీణ కార్మికుడికైతే 1 రూపాయి. అది కనీసమే, సంఘాలు అంతకంటే ఎక్కువే వసూలు చేస్తాయి. కానీ మన అలవాటు ఆ అంకె చుట్టూనే పెరిగింది. ఒక చాయ్ ఖర్చంత చందా కట్టి, రెండు నెలల సమ్మెలో సంఘం ఇల్లు గడపాలంటే ఎక్కణ్నుంచి వస్తుంది?

అమెరికాలో 2023 సెప్టెంబరు 15న కార్ల కార్మికులు ఫోర్డ్, జనరల్ మోటార్స్, స్టెలాంటిస్ కంపెనీల మీద ఒకేసారి సమ్మెకు దిగినప్పుడు వాళ్ల సంఘం యూఏడబ్ల్యూ దగ్గర సుమారు 82.5 కోట్ల డాలర్ల సమ్మె నిధి ఉంది. గేటు బయట ఉన్నవాళ్లకు వారానికి 500 డాలర్లు ఇచ్చారు. అంత నిధి ఉండి కూడా అందరినీ ఒకేరోజు బయటికి పిలవలేదు. ముందు మూడు ప్లాంట్లు, తర్వాత మరికొన్నిటిని కలుపుతూ పోయారు. రేపు ఏ ప్లాంటు ఆగుతుందో కంపెనీకి తెలియదు, నిధి మాత్రం మెల్లగా కరుగుతుంది. సుమారు ఆరు వారాలకు ఒప్పందాలు కుదిరాయి, నాలుగున్నరేళ్లలో 25 శాతం పెంపు. అక్కడి సంఘాలన్నీ ఇలాగే వెలిగిపోతున్నాయని కాదు. ముందే కూడబెట్టుకున్న రోజులు చేతిలో ఉంటే ఎత్తులు వేయొచ్చని ఆ సమ్మె చూపించింది.

మన దగ్గర ఆ రోజులు కూడబెట్టింది ఊళ్లే. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు, సుమారు రెండున్నర లక్షల మంది, పని ఆపారు. ఆ మిల్లుల్లో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. నెలల తరబడి నిలబడ్డారంటే కొంకణ్‌లోనో, ఇంకెక్కడో ఊళ్లో కాస్త పొలం, పంపడానికి కొన్ని గింజలు ఉండబట్టే. ఆ సమ్మెను లాంఛనంగా ఎవరూ విరమించనే లేదు. మిల్లులే పోయాయి. యజమానులకు మిల్లు కంటే దాని కింది నేల విలువైనదైతే సమ్మె వాళ్లకు పెద్ద నష్టమే కాదని ఆ లెక్క చెప్పింది. రెండు పక్షాలకూ నొప్పి ఉంటేనే ఓర్పు పందెం పందెం.

చట్టం సంగతి చూద్దాం, ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. సమ్మె మన దేశంలో ప్రాథమిక హక్కు కాదు. సంఘం పెట్టుకునే హక్కు ఉంది, దాంట్లోనే సమ్మె హక్కు కూడా ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే బ్యాంకు ఉద్యోగుల కేసులో తేల్చింది. 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో ఇంకా ముందుకెళ్లి, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే నైతిక హక్కు కూడా లేదంది. అయితే పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెను గుర్తించి, ఎప్పుడు చట్టబద్ధమో చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం, ఇందాకటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది.

పాత చట్టంలో ముందస్తు నోటీసు తప్పనిసరి రవాణా, కరెంటు, నీళ్లలాంటి ప్రజోపయోగ సేవలకే. కొత్త కోడ్‌లో ప్రతి పారిశ్రామిక సంస్థకూ 14 రోజుల నోటీసు తప్పదు. వినడానికి న్యాయంగానే ఉంది. చెప్పాపెట్టకుండా పని ఆపితే ఎవరికి మంచిది, ఈలోగా మాట్లాడుకోవచ్చు కదా అని ప్రభుత్వం అంటుంది. కానీ పక్క నిబంధనతో కలిపి చదవండి. రాజీ చర్చలు నడుస్తున్నన్నాళ్లూ, అవి ముగిశాక ఇంకో 7 రోజులూ సమ్మె నిషేధం. రాజీ అధికారి మొదటి సమావేశం పెట్టగానే చర్చలు మొదలైనట్టే. నోటీసు అందిన పద్నాలుగు రోజుల్లో అధికారి ఒక్క సమావేశం పిలిస్తే చాలు, తలుపు మూసుకుంటుంది. ఈలోగా యాజమాన్యం సరుకు గోడౌన్లలో నింపుకోవచ్చు, కాంట్రాక్టు మనుషుల్ని వెతుక్కోవచ్చు. సగం మంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెట్టినా అదీ సమ్మే అని కోడ్ రాసేసింది. మూకుమ్మడి క్యాజువల్ లీవు అనే పాత ఉపాయం అలా పోయింది.

జీతం కోతలోనూ తిరకాసు ఉంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని సరైన కారణం లేకుండా, నోటీసు ఇవ్వకుండా పని మానితే, ఉద్యోగ షరతుల్లో రాసి ఉన్నచోట, ఎనిమిది రోజుల జీతం దాకా కోసుకోవచ్చు. ఒకరోజు టోకెన్ సమ్మెకు ఒకరోజు జీతమే పోతుందనుకున్నవాళ్లకు నెలాఖరున జీతం స్లిప్పు చూశాక తెలుస్తుంది.

మద్దతిచ్చేవాళ్లు తెలుసుకోవాల్సిన సెక్షన్ వేరే ఉంది. చట్టవిరుద్ధమైన సమ్మెకు తెలిసి, నేరుగా డబ్బు సాయం చేయడం నేరం. పాత చట్టంలోనూ ఉంది. కొత్త కోడ్‌లో జరిమానా 10 వేల నుంచి 50 వేల రూపాయలు, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. సమ్మె చేసినవాడికి జరిమానా వెయ్యి నుంచి 10 వేలు. తినేవాడి కంటే పెట్టేవాడి మీద ఎక్కువ! ఓర్పు పందెంలో రోజులు ఎక్కణ్నుంచి వస్తాయో చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు. అందుకే ఎవరైనా సాయం చేయబోయే ముందు నోటీసు ఎప్పుడిచ్చారు, చర్చలు ఏ దశలో ఉన్నాయి, ట్రిబ్యునల్లో కేసుందా అని అడగడం పిరికితనమేం కాదు. పిల్లల ఫీజు కట్టడం, మందులు కొనివ్వడం, ఉద్దెర పెట్టడం ఒక మనిషి ఇంకో మనిషికి చేసేది. అది సమ్మెకు నేరుగా చేసిన ఖర్చని నిరూపించడం అంత తేలిక కాదు. మా అత్తకు ఈ సెక్షన్ తెలియదు, తెలిసినా పుస్తకం మూసేదని నేననుకోను.

సంఘం ఎవరిదన్న ప్రశ్నకు కోడ్ ఒక జవాబు తెచ్చింది. 51 శాతం కార్మికులు ఉన్న సంఘంతోనే యాజమాన్యం బేరమాడాలి. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం చొప్పున బలమున్న సంఘాలతో మండలి. మన రెండు రాష్ట్రాల్లో పార్టీకొక సంఘం, నాయకుడికొక చీలిక ఉన్న సంగతి తెలిసినవాళ్లకు ఇది మరీ చెడ్డగా అనిపించదు. సింగరేణిలో 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. బావుల దగ్గర ఎమ్మెల్యే ఎన్నికలంత హడావుడి ఉంటుంది. లోపాలెన్నున్నా, గెలిచినవాడు ఎంతమంది తరఫున మాట్లాడుతున్నాడో అందరికీ తెలుస్తుంది.

సంఘం అనే గుర్తింపు దగ్గరే తలుపు మూస్తే ఏమవుతుందో శ్రీపెరుంబుదూర్ చూపించింది. చెన్నై దగ్గరి ఆ ఊళ్లో ఉన్న శాంసంగ్ ప్లాంటులో ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు తయారవుతాయి. 2024 సెప్టెంబరు 9న సుమారు 1,500 మంది బయటికి వచ్చి 37 రోజులు కూర్చున్నారు. ప్రధానంగా అడిగింది సీఐటీయూ అనుబంధంగా తాము పెట్టుకున్న సంఘాన్ని గుర్తించమని. కంపెనీ ఉద్యోగుల కమిటీతో మాట్లాడతామంది, నెలకు 5 వేల రూపాయల ప్రోత్సాహకం కొన్ని నెలలు ఇస్తామంది. సంఘం పేరులో కంపెనీ పేరు ఉండకూడదని రిజిస్ట్రేషన్ దగ్గర తగువు. పోలీసులు టెంటు పీకేస్తే ఆరుబయటే కూర్చున్నారు. అక్టోబరు మధ్యలో సమ్మె ముగిసింది. రిజిస్ట్రేషన్ మాత్రం హైకోర్టు దాకా పోయి 2025 జనవరిలో వచ్చింది. 5 వేలు కాదని ఒక కాగితం కోసం అన్ని రోజులా అని అడిగినవాళ్లున్నారు. ప్రగతి భవన్ విందులో పెట్టిన షరతు గుర్తుంటే ఆ ప్రశ్న అడగరు.

మళ్లీ లేస్తున్నది ఎవరు? నాకు కనిపించినంతలో, చట్టం "కార్మికుడు" అనడానికి వెనకాడే మనుషులు. అంగన్‌వాడీ టీచర్ సంగతే తీసుకోండి. 1975 నుంచి నడుస్తున్న పథకం. ఆమెకిచ్చేది జీతం కాదు, "గౌరవ వేతనం". ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగేనాటికి టీచరుకు 11,500 రూపాయలు, ఆయాకు 7 వేలు. లక్ష మందికి పైగా టీచర్లు, ఆయాలు. అడిగింది కనీస వేతనం 26 వేలు, గ్రాట్యుటీ. గ్రాట్యుటీ వీళ్లకూ వర్తిస్తుందని 2022 ఏప్రిల్లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ సమ్మెలో కీలకం తాళం. అక్షరాలా తాళమే. కేంద్రాలకు తాళాలేసి తాళంచేతులు కొంగున కట్టుకుని వచ్చారు. గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందిని పంపి ప్రభుత్వం తాళాలు పగలగొట్టించింది. తలుపు తెరుచుకుంది గానీ ఏ పిల్లకు పప్పు పడదు, ఏ గర్భిణి ఇంకా గుడ్లు తీసుకెళ్లలేదు, ఏడుస్తున్న వాణ్ని ఎలా ఊరుకోబెట్టాలి, అవి బీరువాలో ఉండేవి కావు. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు, ఆగినప్పుడు అత్యవసర సేవ! ఒకే మనిషి, రెండు పేర్లు. నా దృష్టిలో ఆ జీవో వాళ్ల వాదనకు దొరికిన గట్టి సాక్ష్యం. తొలగింపు ఉత్తర్వులు బయల్దేరిన రోజే, జనవరి 22 రాత్రి, చర్చలు కుదిరాయి. 42 రోజులు. జీతం జులైలో పెంచుతామన్నారు. జులై వచ్చేసరికి ఎన్నికలు అయిపోయి ప్రభుత్వమే మారింది. తేదీ ఉన్న హామీ తీసుకునేటప్పుడు క్యాలెండర్లో ఆ తేదీకి ముందు ఏముందో కూడా చూడాలని చాలామంది అక్కలు తర్వాత నవ్వుతూ చెప్పుకున్నారు. ఆ నవ్వులో సంతోషం ఏమీ లేదు.

వాళ్లకు ఇన్ని రోజులు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఊళ్లోనే ఉద్యోగం, ఊరందరికీ తెలిసిన మొహం. ఏళ్ల తరబడి ఆమె చేతి కింద తిన్న పిల్లలు, వాళ్ల తల్లులు. శిబిరానికి అన్నం ఎవరో ఒకరు పంపేవారు.

హైదరాబాదు రోడ్ల మీద ఎర్ర, పసుపు టీషర్టుల్లో తిరిగే డెలివరీ కుర్రాళ్లకు ఆ ఊరు లేదు. 2025 డిసెంబరు 25న, 31న దేశమంతా యాప్ కార్మికుల సమ్మెకు పిలుపునిచ్చినవాళ్లలో తెలంగాణ గిగ్ కార్మికుల సంఘం ఉంది. వీళ్ల సమ్మె అంటే ఫోనులో లాగౌట్ కావడం. మూయడానికి గేటు ఉండదు. పది మంది లాగౌట్ అయితే పదకొండోవాడి ఫోన్లో ఆర్డరుకు రేటు పెరిగి కనిపిస్తుంది, అంటే సమ్మె పెరిగేకొద్దీ దాన్ని విరగ్గొట్టడానికి ఇచ్చే కూలీ పెరుగుతుంది. ఆర్టీసీ డిపోలో తాత్కాలిక డ్రైవర్ని వెతకాలంటే కలెక్టరు కూడా పరుగులు పెట్టాల్సొచ్చింది, ఇక్కడ ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో వీళ్ల కోసం సంక్షేమ చట్టాలు తెచ్చాయి. సామాజిక భద్రత కోడ్ వీళ్లను పేరు పెట్టి గుర్తించింది. సమ్మె గురించి, బేరసారాల గురించి మాట్లాడే కోడ్‌లో మాత్రం వీళ్ల పేరు లేదు.

మొన్న పండక్కి అత్త దగ్గరికి వెళ్లాను. డిపో ఎదుటి కొట్టు అమ్మేసి పట్నంలో కొడుకు దగ్గర ఉంటోంది, అపార్టుమెంట్ కింద చిన్న దుకాణం. 2019 నాటి ఖాతా పుస్తకం ఇంకా ఉంది, అన్ని పేజీల మీదా అడ్డగీతలున్నాయి. సమ్మె కాలం జీతాలు పడ్డాక ఒక్కొక్కరే వచ్చి కట్టారట. దుకాణం ముందు అయిదారు బైకులు, ఆర్డర్ కోసం చూస్తున్న కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు చాయ్ తాగి, సాయంత్రం ఇస్తానన్నాడు. పనిమీద మళ్లీ ఈ వీధికి వస్తాడో లేదో వాడికే తెలియదు.

వాడు వెళ్లాక అత్త నన్నడిగింది. "వీళ్ల డిపో యాడుంటదిరా?"